అల్లుడి కారుకు పంక్చర్ పడిన రోజు

అల్లుడు వారం రోజుల ట్రైనింగు కోసం చెన్నై పోతూ తన కారు తెచ్చి హిందూపురంలో మా ఇంటి ముందు నిలిపి, తాళం నా చేతిలో పెట్టాడు. "ఊరకే నిలిపితే బ్యాటరీ దిగిపోతాది మామా, అప్పుడప్పుడూ తిప్పండి" అన్నాడు. నేను తల ఊపాను. మా అమ్మాయి కూడా అతనితో చెన్నై పోతోంది. ఇద్దరూ ఆటో ఎక్కి స్టేషనుకు వెళ్ళిపోయాక, ఆ తాళం ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

వాళ్ళ పెళ్ళయి అప్పటికి ఏడాదిన్నర. పెనుకొండ రిజిస్టరాఫీసులో జరిగింది. అతనిది నల్లమాడ పక్క పల్లె, చెనక్కాయలు పండించుకునే కిరస్తానీ కుటుంబం. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో తయారైన బండ్లను పరీక్ష చేసే ఉద్యోగం. మా అమ్మాయికి అతను ఎట్లా పరిచయమయ్యాడో ఆమె నాకు రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లూ సరిగా వినలేదు. పెళ్ళి వద్దని నేను అనలేదు. సరే అని కూడా అనలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టి ఇంటికి వచ్చాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. అవునో కాదో తేల్చి చెప్పడం నాకు అలవాటే. ఆ ఒక్క విషయంలో మాత్రం ఏమీ తేల్చలేకపోయాను.

అన్నిటికంటే పెద్ద తికమక, అతన్ని ఏమని పిలవాలన్నది. మా ఇళ్ళలో అల్లుణ్ణి 'మీరు' అనేవాళ్ళూ ఉన్నారు, 'నువ్వు' అనేవాళ్ళూ ఉన్నారు. మీరంటే దూరం పెట్టినట్టవుతుంది. నువ్వంటే చిన్నచూపు చూసినట్టవుతుందేమోనని భయం. అందుకని రెండూ లేకుండా మాట్లాడడం నేర్చుకున్నాను. "భోజనం అయిందా?" "డ్యూటీ ఎట్ల ఉండాది?" "వానలు పడినాయంటనే ఆ పక్క." అతనూ అంతే పొదుపుగా జవాబు చెప్పేవాడు.

అతని కారులో అతనికి ప్రాణమైనవి చక్రాలు. కంపెనీ ఇచ్చినవి తీసేసి, పది ఆకులున్న అల్లాయ్ చక్రాలు వేయించుకున్నాడు. ఆకులు నల్లవి, అంచు వెండిలా మెరుస్తుంది. మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున్నే బకెట్టు పెట్టుకుని, పాత పళ్ళ బ్రష్షుతో ఆ ఆకుల సందులు తోమేవాడు. మా ఆవిడ కిటికీలోంచి చూసి "వెండి గిన్నెలు కూడా నేనింత తోమను" అనేది. నేను పదేళ్ళు నడిపి అమ్మేసిన పాత చిన్న కారుకు ఇనుప చక్రాలుండేవి. పంక్చరైతే సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి టైరు ఊడదీసేవాళ్ళు. ఆ దెబ్బలు ఎక్కడ పడ్డాయో నేనెప్పుడూ చూడలేదు.

ఆ శనివారం మేము ధర్మవరం బయలుదేరాం. మా ఆవిడ అక్కావాళ్ళు అక్కడ మగ్గం నేస్తారు. ఆ రోజు మధ్యాహ్నం ఒక చీర నేత ముగిసి మగ్గం మీంచి కోతకు వస్తుందని, అది తాను దగ్గరుండి తీసుకోవాలని మా ఆవిడ పట్టుబట్టింది. బస్సులో పోదామన్నాను. "ఇంటి ముందర కారు పెట్టుకొని బస్సేంది" అంది. అదీ నిజమే. కానీ అతని కారు నడపడమంటే అతనితో ఏదో ఒప్పుకున్నట్టు నాకు అనిపిస్తోంది. ఏమి ఒప్పుకున్నట్టో మాత్రం తెలియదు.

సోమందేపల్లి దాటి హైవే ఎక్కిన కొంతసేపటికి, స్టీరింగు వెనక పసుపు రంగులో ఒక బొమ్మ వెలిగింది. గుర్రపునాడా లాంటి గీత, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు. ఏమిటిదన్నాను. మా ఆవిడ ముందుకు వంగి చూసి, "చట్టిలో గరిటె మాదిరుండాది" అంది. ఇంజను వేడెక్కిందేమో అనుకున్నాను. కానీ వేడి చూపే ముల్లు మామూలుగానే ఉంది. పక్కకు ఆపి దిగి, నాలుగు చక్రాలూ తిరిగి చూశాను. నాలుగూ ఒకేలా కనిపించాయి. ఒక్కోదాన్ని కాలితో తన్నాను. ఏ చక్రం ఎంత గట్టిగా ఉండాలో తెలియకుండా తన్నితే ఏం తెలుస్తుంది. మళ్ళీ ఎక్కి పోనిచ్చాను.

ఆ దీపం అలాగే వెలుగుతోంది. కొంతదూరం పోయాక కారు ఎడమవైపు లాగడం మొదలుపెట్టింది. తర్వాత కింద దబ్బు దబ్బుమని చప్పుడు. ఆ చప్పుడు మొదలైన వెంటనే ఆపానా, కాస్త ఆలోచించి ఆపానా అన్నది ఈ రోజుకీ నాకు స్పష్టంగా గుర్తులేదు. ఆగిన చోటికి నాలుగడుగుల దూరంలోనే, కర్రకు వేలాడదీసిన పాత టైరు, రేకుల కొట్టం కనబడ్డాయి. పంక్చర్ షాపు. అక్కడ దాన్ని చూసి ఆపానో, ఆపాక చూశానో అది కూడా చెప్పలేను.

షాపు నడిపేది ఒకావిడ. నలభై అయిదేళ్ళుంటాయి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, లారీ టైరు మీద కూర్చుని టీ తాగుతోంది. మమ్మల్ని చూసి గ్లాసు పక్కన పెట్టి వచ్చింది.

"గాలి పోయిందా సార్?"

ముందు ఎడమ చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. ఆమె దానికి కాస్త గాలి పట్టి, సబ్బునీళ్ళ డబ్బా తెచ్చి టైరు మీద చల్లి, కారును చేత్తో ఒకటి రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఊపింది. ఒక చోట బుడగలు వచ్చాయి. వేలు పెట్టి చూసి, "మర సీల దిగిండాది" అంది. తర్వాత కొంగుతో చక్రం అంచు మీది దుమ్ము తుడిచింది. లోపలి మెరుపు కనబడగానే లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది నేను ముట్టను సార్."

ఎందుకమ్మా అన్నాను.

"లారీవి, ట్రాక్టర్లవి ఎన్నైనా ఇయ్యి, ఊడదీస్తా. ఇట్లాంటివి కాదు. మొన్న ఎండాకాలంలో పెండ్లి కారొకటి వచ్చింది. ఇట్లాంటి చక్రమే. కడ్డీ జారి ఇంత గీత పడింది. వాళ్ళంతా చుట్టూ నిలబడి మా ఆయన్ని అనరాని మాటలన్నారు. ఆయప్ప నడుం పట్టుకొని మంచం మీదుండాడు, చేసింది నేను. మాటలు పడింది ఆయన. ఆ పొద్దే అనుకొంటి, మెరిసే చక్రం ముట్టేది లేదని."

"మరి ఊడదీయకుండా చేసేదేమైనా ఉందా?"

ఉందంది. పైనుంచే రంధ్రంలోకి జిగురు పూసిన పట్టీ దూర్చి, మిగిలింది కోసేస్తారట. చక్రం కారుకు ఉండగానే పని అయిపోతుంది, అంచు జోలికే పోనక్కరలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే ఆమె తల అడ్డంగా ఊపింది. "కానీ ఇది మధ్యలో దిగలే సార్. వారకు దిగిండాది. ఆడ టైరు ఊరికే వంగుతా ఉంటాది కదా, పట్టీ నిలబడ్తే నిలబడ్తాది, లేకుంటే ఊడొస్తాది. నేను చేయనని కాదు. నమ్మకం చెప్పలేను."

టీ కోసం ఆగిన లారీ డ్రైవరు ఒకాయన మా మాటలు వింటూ దగ్గరకు వచ్చాడు. "ట్యూబేసేయ్ సార్, పీడా పోతాది" అన్నాడు. ట్యూబు వేయాలన్నా ఊడదీయాలి కదా అంటే, "ఊడదీయాల" అని ఒప్పుకున్నాడు. మా ఆవిడ కారులోంచే, "అల్లుడికి ఫోన్ చేయండి" అంది. స్టెప్నీ వేసుకుని పోదామని నేను అన్నాను. నలుగురం నాలుగు మాటలు. లెక్కకు ఒకటే జవాబు ఉంటుందని ముప్పై ఏళ్ళు చెప్పి వచ్చినవాణ్ణి, అక్కడ నాలుగు జవాబులూ సగం సగం సరైనవే అనిపిస్తుంటే ఏది రాయాలో తెలియని పిల్లవాడిలా నిలబడ్డాను.

చివరికి స్టెప్నీ అనుకున్నాం. ఆమె జాకీ పెట్టక ముందే పానాతో నట్లు ఒక్కొక్కటీ వదులు చేసింది. నాలుగు కదిలాయి. అయిదోది దగ్గరికి వచ్చేసరికి పానా దానిమీద కూర్చోలేదు. వంగి చూసింది. ఆ నట్టు తల మిగతావాటిలా ఆరు పలకలుగా లేదు, గుండ్రంగా ఉండి లోపల పువ్వు ఆకారంలో గాడులున్నాయి.

"దీనికి వేరే తాళం ఉండాది సార్. దొంగలు చక్రాలు ఊడదీయకుండా పెట్టుకొంటారు. ఆ తాళం మీకాడ ఉండాలే."

నా దగ్గర లేదు. అలాంటిది ఉంటుందనే నాకు తెలియదు. కారంతా వెతకడం మొదలుపెట్టాను. సీట్ల కింద మా అమ్మాయి జడ క్లిప్పు, అద్దానికి వేలాడే చిన్న చెక్క సిలువ నుంచి ఊడిపడ్డ దారపు కుచ్చు, నీళ్ళ సీసా. ముందు అరలో కాగితాలు, వాటి వెనక ఒక కళ్ళజోడు పెట్టె. తాళం అందులో పెట్టాడేమోనని తెరిచాను. లోపల ఉన్నది నా కళ్ళజోడు.

అది పోయి ఏడాదిన్నర అయింది. రిజిస్టరాఫీసు గుంపులో ఎవరి మోచెయ్యో తగిలి ఒక కాడ విరిగింది. జేబులో వేసుకున్నాను. ఆ రోజు అతని కారులోనే మమ్మల్ని హిందూపురంలో దింపారు. ఇంటికొచ్చి చూసుకుంటే జేబులో లేదు. ఇప్పుడు చూస్తే కొత్త కాడ వేసి ఉంది, అద్దాలు తుడిచి ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు. బాగు చేయించినవాడు ఇవ్వకుండా ఎందుకు పెట్టుకున్నాడు? మా ఆవిడకు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చింది.

ముందు అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆ తాళం సంగతి నాకు తెలీదు నాయనా. ఆయన్నే అడుగు, క్లాసులో ఉన్నా ఎత్తుతాడులే" అని పెట్టేసింది. ఇంక దారి లేదు. అతని నంబరు నా ఫోనులో ఉంది గానీ, దానికి నేను చేయడం అదే మొదలు.

రెండో రింగుకే ఎత్తాడు. పంక్చరయిందని చెప్పాను.

"గాలి లేకుండా ఎంత దూరం నడిపినారు మామా?"

అతని మొదటి మాట అదే. మేమెట్లా ఉన్నామని కాదు, ఎక్కడున్నామని కాదు. నా ముఖం వేడెక్కింది. దీపం వెలిగినప్పటి నుంచి లెక్కపెట్టాలా, చప్పుడు వచ్చినప్పటి నుంచా అని నేను నసిగాను. అతను ఊరుకోలేదు. "కోపం గాదు మామా, గాలి లేకుండా నడిపితే టైరు లోపల దారాలు తెగుతాయి. అప్పుడు అది బాగు చేసేది కాదు, మార్చాల. హైవేలో పేలితే మీకే కష్టం. అందుకని అడుగుతాండా."

అప్పుడు అర్థమైంది, అతను చక్రం గురించి కాదు, మా గురించే అడిగాడని. లేక రెండిటి గురించీ అడిగాడా? ఏమో. నాకు అంత ఆలోచించే తీరిక లేదు. ఎండ నెత్తి మీద ఉంది, లారీలు పోతుంటే కొట్టం రేకులు వణుకుతున్నాయి.

"ఆ అయిదో నట్టుకు తాళమంట, యాడ పెట్టినావప్పా నువ్వు?" అన్నాను.

అన్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు.  "స్టెప్నీ గుంతలో, పాత సాక్సులో చుట్టి పెట్టిండా మామా" అన్నాడు. గొంతు కొంచెం మారినట్టనిపించింది, హైవే రొదలో నిజంగా మారిందో లేదో చెప్పలేను. ఆ తర్వాత వరుసగా చెప్పుకుపోయాడు. పానాకు గుడ్డ చుట్టమన్నాడు. లోపలి నుంచి ప్యాచ్ వేస్తేనే నిలుస్తుందన్నాడు. టైరు ఊడదీసే మిషను మీదైతే, దాని చెయ్యి కొనకు ప్లాస్టిక్ తొడుగున్నది చూసుకోమన్నాడు. గాలి ఎక్కించే వాల్వు వెనక లోపల గాలి కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది, ఆ పసుపు దీపం దానిదే, ఆ పక్క కడ్డీ దూర్చనీయొద్దన్నాడు. బిగించేటప్పుడు నట్లు వరుసగా కాదు, ఎదురెదురుగా బిగించాలన్నాడు. ఇంకా ఏవో చెప్పాడు. సగం లారీ హారన్లలో పోయింది.

"నీ బండిలో నా కళ్ళజోడు దొరికింది" అన్నాను మధ్యలో.

"అది... బాగు చేయించి చానా దినాలైంది మామా. ఎట్ల ఇయ్యాలో తెల్లే నాకు. ఇయ్యాలని ప్రతిసారీ అనుకొంటి" అన్నాడు. అంతలో అక్కడ ఎవరో పిలిచినట్టున్నారు, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు.

తాళం అతను చెప్పిన చోటే ఉంది. షాపావిడ తన దగ్గరున్న మెత్తని గుడ్డ పానా గుంతకు చుట్టి, ఒక్కో నట్టునూ గాజు సీసా మూత తిప్పినట్టు తిప్పి తీసింది. చక్రాన్ని నేల మీద దొర్లించలేదు. గోనె సంచి పరిచి, దానిమీద రెండు చేతులతో ఎత్తి పెట్టింది. వద్దు వద్దంటూనే ఆమె ఆ చక్రాన్ని ముట్టిన తీరు నేను చూస్తూనే ఉన్నాను. స్టెప్నీ బిగించాక, "పెనుకొండలో మిషనుండాది, ఆడికి పోండి సార్" అంది.

పోయాం. ఇరవై నిమిషాల దారి. అక్కడి షాపు పెద్దది, మిషనూ ఉంది. నడిపేవాడు డిక్కీలోంచి మా చక్రం తీసి మిషను బల్ల మీద విసురుగా పెట్టబోయాడు. ఆగమన్నాను. మిషను చెయ్యి కొనకు తొడుగు ఉందా అని అడిగాను. అది ఎప్పుడో అరిగిపోయిందట. "ఏం కాదు సార్, దినామూ చేస్తాండాం" అన్నాడు. గోడవారన అప్పటికే చేసిన చక్రాలు రెండున్నాయి. వాటి అంచులు చూశాను. ఎలుక కొరికినట్టు చుట్టూ గాట్లు. అవి ఈ మిషను మీద పడినవా, పాతవా అని అడిగితే, "ఏమో సార్, నేను చూడలే" అన్నాడు. అబద్ధం చెప్పినట్టు లేదు. నిజంగానే చూడలేదు.

చక్రం మళ్ళీ డిక్కీలో పెట్టించి, కారు వెనక్కి తిప్పాను.

ధర్మవరంలో ఇంకో షాపు దొరికేది. స్టెప్నీ మీదే ఊరు చేరుకుని, అతను చెన్నై నుంచి వచ్చాక అతనికే వదిలేయొచ్చు కూడా. మా ఆవిడ ఈ రెండూ చెప్పింది, నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి. నేను వినకుండా వెనక్కే నడిపాను. అతన్ని "నువ్వు" అన్నాక ఆ చక్రం పంక్చరైంది పంక్చరైనట్టే అతని చేతికి ఇవ్వడం నాకిష్టం లేకపోయిందనుకుంటాను. అది కూడా ఇప్పుడు రాస్తూ అనుకుంటున్నదే. అప్పుడేమనుకున్నానో తెలియదు.

"మగ్గం కాడ అక్క కాసుకోనుంటాది" అంది మా ఆవిడ. కొంచెం ఆగి, "ఆ చీర ఎవరికో మీరు అడగలేదు" అంది.

ఎవరికన్నాను.

"అమ్మాయికి. పెండ్లికి మనం ఒక్క చీర పెట్టలే. ఆరు నెల్లుగా అక్కకు చెప్పి నేయిస్తాండా."

నాకు ఆ మాటతో ఇంకా అయోమయం. ఆరు నెలలుగా ఇంట్లో నా పక్కనే ఇంత జరిగింది, నాకు తెలియదు. కళ్ళజోడు సంగతీ తెలియదు. నేను చూస్తున్నదేమిటో, చూడనిదేమిటో లెక్క తేలడం లేదు.

షాపావిడ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మిషను సంగతి చెప్పాను. "నువ్వే చెయ్యమ్మా" అన్నాను.

"ముట్టనంటి కదా సార్."

"గీత పడితే నాది. మీ ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. నాకు నువ్వు నట్లు తీసింది చూస్తే ధైర్యం వచ్చింది."

ఆమె కొట్టంలోకి పోయి మంచం మీదున్న భర్తతో ఏదో మాట్లాడి వచ్చింది. ఏమన్నాడో తెలియదు. వచ్చాక మా కారులోని నీళ్ళ సీసా ఖాళీ చేసి ఇమ్మంది. దాన్ని కత్తితో అరచేతి వెడల్పున నాలుగు ముక్కలు కోసింది. చక్రాన్ని గోనె మీద మెరుపు పక్క పైకి ఉండేలా పెట్టింది. సుద్దముక్కతో టైరు నుంచి చక్రానికి ఒక గీత గీసింది. ఎందుకని అడిగితే, "యాడుండేది ఆడనే కూర్చోబెట్టాల సార్, లేకుంటే బండి ఊగుతాది" అంది. అల్లుడు హారన్ల మధ్య చెప్పిన వాటిలో ఇదీ ఉందేమో.

టైరు మీద చక్రానికి తగలకుండా చెక్కపలక వేసి, దాని మీద లారీ డ్రైవర్ను నిలబడమంది. ఆయన అప్పటికి టీ అయిపోయినా పోకుండా ఉన్నాడు. పలక మీద ఆయనా నేనూ ఎక్కితే గాని టైరు అంచు లోపలికి జారలేదు. తర్వాత సబ్బునీళ్ళు బాగా పూసి, సీసా ముక్కలను చక్రం అంచుకు తొడిగి, ఆ ముక్కల మీద నుంచి చిన్న కడ్డీ దూర్చింది. వాల్వుకు ఎదురు పక్క నుంచి మొదలుపెట్టమని నేను చెప్పేలోపే ఆమె చెయ్యి అక్కడే ఉంది. ఒక్కో ముక్కనూ జరుపుకుంటూ, ఇంచీ ఇంచీ లేపుకుంటూ వచ్చింది. ఒకసారి కడ్డీ జారింది.  సీసా ముక్క మీదే పడింది. పడిందనే అనుకున్నాం.

టైరు ఒక పక్క బయటికి వచ్చాక లోపల చెయ్యి పెట్టి తడిమింది. నల్ల పొడి ఏమైనా ఉందా అని చూసింది. లేదు. "ఎక్కువ దూరం నడపలే మీరు" అంది. ఆ మాటకు నాకు కలిగిన ఊరట చెప్పలేను. మర సీలను లాగేసి, లోపల గీకి, జిగురు పూసి, ఆరేదాకా ఊది, ప్యాచ్ అంటించి చిన్న చక్రంతో నొక్కింది. గాలి పట్టగానే టైరు అంచులు రెండుసార్లు టప్పుటప్పుమని తమ చోట కూర్చున్నాయి. సుద్ద గీత కలిసింది. సబ్బునీళ్ళు చల్లింది. బుడగ రాలేదు.

అప్పుడు తడి గుడ్డతో అంచు చుట్టూ తుడుచుకుంటూ వచ్చి, ఒక చోట ఆగిపోయింది.

వేలి గోరంత పొడుగు గీత. లోతు లేదు. వెండి మెరుపులో సన్నటి వెంట్రుకలా ఉంది. ఆమె చేతిలోని గుడ్డ కింద పెట్టేసింది.

"ఇది ముందే ఉండెనా సార్?"

నాకు తెలియదు. వెంటనే ఆపానో లేదో తెలియదు. ఆగేటప్పుడు రోడ్డువారన రాయి గీసిందేమో తెలియదు. పెనుకొండ షాపులో బల్లకు తగిలిందేమో, కడ్డీ జారినప్పుడు పడిందేమో, పళ్ళ బ్రష్షుతో అన్ని నెలలు తోమిన అతనికే తెలిసిన పాత గీతేమో తెలియదు. నేనెప్పుడూ ఆ చక్రాన్ని ఇంత దగ్గరగా చూడలేదు.

"ముందే ఉండిందిలేమ్మా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో. తలవంచుకుని నట్లు ఎదురెదురుగా బిగించడంలో పడింది.

మేము ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. చీర కోయకుండా ఉంచారు. టైరు మసితో నల్లబడిన చేతులతో నేను ముట్టకూడదని దూరంగా నిలబడితే, మా ఆవిడ అక్క చెంబుతో నీళ్ళిచ్చి, కడుక్కుని రమ్మంది. వచ్చేసరికి కోసేశారు. చిలకపచ్చ చీర, వంకాయ రంగు అంచు. మా ఆవిడ అది ఒళ్ళో పెట్టుకుని తిరుగు దారంతా దాని అంచు తడుముతూ కూర్చుంది.  స్టీరింగు వెనక దీపం ఆరిపోయి ఉంది. అప్పుడప్పుడూ దాని వైపు చూస్తూ నడిపాను.

ఆదివారం సాయంత్రం అల్లుడూ అమ్మాయీ వచ్చారు. అతను చెప్పులు విప్పకముందే నేను కారు దగ్గరకు పిలుచుకుపోయి ఆ గీత చూపించాను. జరిగిందంతా చెప్పాను. ఎవరి వల్ల పడిందో తెలియదని, షాపావిడతో మాత్రం ముందే ఉందని చెప్పానని కూడా చెప్పాను. అతను గొంతుక్కూర్చుని, వేలితో ఆ గీతను అటూ ఇటూ తడిమాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నేను వేయించినప్పుడే ఉండెనేమో మామా. నాకూ గురుతు లేదు" అన్నాడు.

నిజం చెప్పాడా, నేను ఆవిడకు చెప్పినట్టే నాకు చెప్పాడా? అడగాలనిపించింది. అడగలేదు. "చేతులు కడుక్కోని రా, అన్నం తింటువు" అన్నాను. ఆ మాట ఈసారి తడబడకుండానే వచ్చింది.

తర్వాత ఒక నెలకు అమ్మాయీ, అతనూ, నేనూ ముగ్గురం పెనుకొండ వైపు పోతుంటే, ఆ షాపు చూస్తానని అతనే ఆపాడు. ఆమె మమ్మల్ని గుర్తు పట్టింది. సీసా ముక్కలు ఎట్లా కోసిందో అతను అడిగితే కోసి చూపించింది. "మా ఫ్యాక్టరీలో ఇట్ల ఎవరూ చేయరక్కా" అన్నాడు అతను. ఆమె కొంచెం నవ్వి, "ఆ గీత ఎక్కువ కాలే కదా?" అంది.

చూద్దామని ముగ్గురం వంగాం. ఎడమ ముందు చక్రంలో గీత కనబడలేదు. అప్పుడు అతనికి గుర్తొచ్చింది, మధ్యలో సర్వీసింగులో చక్రాలు నాలుగూ ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చారని, ఏ పక్కది ఏ పక్కకు వేశారో మాత్రం తెలియదని. వెనక చక్రాల దగ్గరికి పోయాం. ఎడమదాని అంచున వేలి గోరంత గీత ఉంది. కుడిదాని అంచున కూడా, అంతే పొడుగుది ఒకటి ఉంది. ఏది ఆ రోజుదో తేల్చడానికి అతను కాసేపు, నేను కాసేపు చూశాం. షాపావిడ కూడా వంగి రెండూ చూసి, కొంగుతో రెంటినీ తుడిచి, "టీ తాగుతారా?" అని లేచింది.